ఖాళీ ప్లాజాలో మైకమ్మ

ఆ ప్లాజాకు వచ్చేవాళ్ళలో ఆమె గొంతు తెలియనివాళ్ళు లేరు. ముఖం తెలిసినవాళ్ళు మాత్రం బహు తక్కువ. మూడంతస్తుల కట్టడం, డెబ్బైరెండు షాపులు, రెండు చివర్లా మెట్లు, నడిమధ్యన ఎస్కలేటరు. ఊరికి మొట్టమొదటి ఎస్కలేటరు అదే కావడంతో, పెట్టిన కొత్తలో జనం ఏమీ కొనకుండా ఉత్తినే ఎక్కి దిగి పోయేవారు. మొదటి అంతస్తులో మెట్ల కింద, అంతకుముందు చీపుళ్ళూ బకెట్లూ పెట్టుకునే ఇరుకు గదిలో ఒక బల్ల, ఒక స్టూలు, మెడ వంచిన మైకు, కాసేపు నడిస్తే కాలిన దుమ్ము వాసన వేసే యాంప్లిఫయరు ఉండేవి. ఆ స్టూలు మీద ఆమె ఇరవైనాలుగేళ్ళు కూర్చుంది. షాపులవాళ్ళందరికీ ఆమె మైకమ్మ.

అసలు ఆ పనికని ఆమెను ఎవరూ తీసుకోలేదు. ఇరవైమూడేళ్ళ వయసులో బట్టల షాపులో చేరి, పొద్దస్తమానం మడతలు విప్పడం, మళ్ళీ మడతపెట్టడం చేస్తుండేది. ఒకరోజు మైకులో చెప్పే మనిషికి గొంతు పోయింది. మేనేజరు కంగారుగా కిందికి దిగి, ఎదురుపడ్డ మొదటి మనిషి చేతిలో కాగితం ముక్క పెట్టాడు. ఆ మొదటి మనిషి ఈమె.

"ఎవరిదో తెల్ల కారు గేటుకు అడ్డంగా ఉంది. తియ్యమని చెప్పమ్మా, చాలు" అన్నాడు.

ఆమె చెప్పింది. రెండు నిమిషాల్లో కారు కదిలింది. పాత మనిషి గంటసేపు గొంతు చించుకున్నా కదలని కార్లుండేవట. మర్నాటి నుంచి ఆమె చేతికి మడతల పని తప్పింది.

ఆ పనిలో ఎవరూ నేర్పని కిటుకులు తనంతట తానే పట్టుకుంది. కింది స్పీకరు మాట నేరుగా చెవిలో పడితే, పై స్పీకరు మాట రెప్పపాటు ఆలస్యంగా వచ్చి దాని మీద పడేది. గబగబా చెప్తే రెండూ కలిసి కలగాపులగం. అందుకని మూడేసి మాటలకు ఒకసారి ఆగేది. పిల్లలు తప్పిపోయినప్పుడు 'తప్పిపోయారు' అన్న మాట పొరపాటున కూడా వాడేది కాదు. ఆ మాట చెవిన పడితే తల్లులు మెట్ల మీద పడుతూ లేస్తూ పరిగెత్తుతారు. మొదటి ఏడాదే ఒకావిడ అలా పరిగెత్తి చెయ్యి విరగ్గొట్టుకుంది. అప్పటినుంచి, "పసుపు చొక్కా వేసుకున్న మూడేళ్ళ బాబు మైకు గదిలో మీకోసం ఎదురుచూస్తున్నాడు" అనేది, ఆ బాబు పక్కింట్లో ఆడుకుంటున్నాడన్నంత నిమ్మళంగా.

ఆమె పెళ్ళి కూడా ఆ మైకు పుణ్యమే. కింద బూట్ల షాపులో పనిచేసే ఒకాయన ఒక మధ్యాహ్నం చెవులు ఎర్రబడి గది ముందు నిలబడ్డాడు. చేతిలో డబ్బా. అందులో ఉన్న రెండు బూట్లూ కుడికాలివే. అంటే రెండు ఎడమకాలి బూట్లు ఎవరో కొనుక్కుపోయారన్నమాట. ఓనరుకు తెలిసేలోగా ఆ మనిషిని వెనక్కి పిలవాలి. ఆమె మైకు దగ్గరికి లాక్కుని, "రెండు ఎడమకాళ్ళతో బయల్దేరిన పెద్దమనిషి, దయచేసి, కుడికాలి కోసం బూట్ల షాపుకు రావాలి" అంది. మూడంతస్తులూ పగలబడి నవ్వాయి. ఓనరూ విన్నాడు, తిట్టాడు, ఆనక తానూ నవ్వాడు. ఏడాది తిరిగేసరికి ఇద్దరికీ పెళ్ళయింది. ఒక్కతే కూతురు. ఇప్పుడు పక్క ఊరి బడిలో లెక్కలు చెబుతోంది. ఇంట్లో వీళ్ళిద్దరూ, అత్తగారూ. అత్తగారికి రెండు చెవులూ మందం. "ఊరందరికీ వినబడతావట, ఒక్క నాకు తప్ప!" అని ఇంటికి వచ్చినవాళ్ళందరి ముందూ కోడల్ని ఆటపట్టించేది.

రింగురోడ్డు పక్కన కొత్త మాల్ లేస్తోందన్న మాట రెండేళ్ళుగా వింటున్నదే. దానికి అద్దాలు బిగించిన నెలలోనే బట్టల షాపు వెళ్ళిపోయింది. దించేసిన షట్టరు మీద 'మేము మారాము' అని ఒక కాగితం, కింద ఒక బాణం గుర్తు. ఆ బాణం సూటిగా ఎదుటి గోడకున్న మంచినీళ్ళ కుళాయిని చూపిస్తుండేది. తర్వాత వారానికి రెండో మూడో. బొమ్మల షాపు, గిన్నెల షాపు, వరసగా ఐదు ఫోన్ల షాపులు. ప్రతివాళ్ళూ పోయేముందు మైకు గదికి ఒక కాగితం పంపేవారు. 'మన షాపు ఫలానా తేదీ నుంచి కొత్త మాల్‌లో, రెండో అంతస్తులో...' ఆ కాగితాలన్నీ చదివింది ఆమే. రోజుకు పదిసార్లు, మూడేసి మాటలకు ఒకసారి ఆగుతూ, ప్లాజాకు వచ్చిన జనాన్ని దారి చెప్పి మరీ కొత్త మాల్‌కు పంపింది. తాను చేస్తున్నది ఏమిటో అప్పుడు తట్టలేదు. తర్వాత తట్టింది కానీ, తట్టినప్పుడు కూడా ఏమీ అనిపించలేదు.

ఒక సాయంత్రం స్కూటరుకు స్టాండు వేస్తూ భర్త అన్నాడు: "మా షాపు కూడా."

"ఎప్పుడు?"

"ఒకటో తారీఖు."

"మరి మీరు?"

"నన్నూ రమ్మన్నారు. యూనిఫారం ఇస్తారట. నల్ల చొక్కా."

"నలుపు మీకు బాగుంటుందిలెండి" అంది ఆమె తలుపు తాళం తీస్తూ.

అంతే. నాలుగు రోజులుగా ఈ కబురు ఎలా చెప్పాలా అని మథనపడుతున్న మనిషికి, ఆమె ఏడ్చినా, కనీసం విసుక్కున్నా, కాస్త ఊరటగా ఉండేదేమో. ఆమె లోపలికి వెళ్ళి బియ్యం కడిగింది.

మర్నాడు బూట్ల షాపు కాగితమూ వచ్చింది. చదివింది. కింద గుమ్మంలో నిలబడి భర్త చెవులు రిక్కించాడట, గొంతు ఎక్కడైనా జీరబోతుందేమోనని. జీరబోలేదు. "పిల్లల స్కూలు బూట్లు కూడా అక్కడే లభిస్తాయి" అన్న చివరి మాటదాకా ఒకే తీరు.

అప్పటిదాకా ఇద్దరికీ ఒకటే స్కూటరు, ఒకటే దారి. ఒకటో తారీఖు నుంచి స్కూటరు ఎడమకు తిరిగింది. ఆమె కుడివైపు నడిచి సిటీ బస్సెక్కింది. కొన్నాళ్ళ వరకు బస్సులో పట్టుకోవడానికి ఏదీ అందక, చేతులు ముందు మనిషి నడుం కోసం వెతికినట్టు గాల్లోకి వెళ్ళేవి. తర్వాత అదీ మానేశాయి.

ఎండలు ముదిరేసరికి ప్లాజాలో మిగిలింది ఒక్కటే షాపు. పై అంతస్తు మూలన గడియారాలు బాగుచేసే ముసలాయనది. అందరూ ఆయన్ని వాచీల బాబాయ్ అనేవారు. కొత్త మాల్‌లో గడియారాలు అమ్మేవాళ్ళకే గాని బాగుచేసేవాళ్ళకు చోటు లేదన్నారు. ఆయన లీజు ఏడాది చివరిదాకా ఉంది. నాకింకేం పని ఉంటుందని ఆమె మేనేజరును అడిగింది.

"మీరు రావాలి మేడమ్" అన్నాడతను. "చివరి షాపు లీజు అయ్యేదాకా సౌకర్యాలన్నీ నడపాలని అగ్రిమెంటులో ఉంది. లైట్లు, నీళ్ళు, వాచ్‌మన్, మైకు."

"మైకు అని రాసుందా?"

"రాసుంది. నాలుగో పేజీలో."

నాలుగో పేజీలో ఉంది కాబట్టి ఆమె వచ్చేది. పొద్దున పదింటికి "ప్లాజా తెరవబడింది, అందరికీ స్వాగతం" అని, రాత్రి ఎనిమిదింటికి "ప్లాజా మూసే వేళయింది" అని చెప్పేది. ఎస్కలేటరు ఆపేశారు. లైట్లు ఒకటి విడిచి ఒకటి వేసేవారు. డెబ్బైరెండు షాపుల్లో బట్టలూ పరుపులూ అట్టపెట్టెలూ ఉన్నన్నాళ్ళు అవే మాటల్ని పీల్చుకునేవని, అవి పోయాకగానీ ఆమెకు తెలియలేదు. ఇప్పుడు ఒక మాటంటే అది మూడంతస్తులూ తిరిగి, బోసి గోడలకు కొట్టుకుని, మళ్ళీ గది దగ్గరికి వచ్చేది. మూడు మాటలకు ఒకసారి ఆగితే సరిపోయేది కాదు. ఒక్కో మాటకూ ఆగాల్సి వచ్చేది. "ప్లాజా" అని, అది తిరిగొచ్చేదాకా కూర్చుని, "మూసే" అనేది.

మిగతా వేళంతా ఊరికే కూర్చునేది. పుస్తకం తెచ్చుకుంటే చదవబుద్ధయ్యేది కాదు. ఒంటిగంటకు డబ్బా విప్పి తినేది, ఏం తిన్నదీ సాయంత్రానికి గుర్తుండేది కాదు. కూర్చుని కూర్చుని కాలు తిమ్మిరెక్కినట్టు లోపలెక్కడో తిమ్మిరెక్కింది. గిల్లినా తెలియని తిమ్మిరి.

ఆదివారం కూతురు ఫోన్ చేసేది. "అమ్మా, బాధగా ఉందా?"

"లేదే."

"నిజం చెప్పు."

"నిజమేనే. ఉంటే చెప్పనా?"

కూతురు నమ్మేది కాదు. కానీ ఆమె అబద్ధం ఆడలేదు. బాధ ఉందేమోనని తానే రెండు మూడుసార్లు వెతుక్కుంది కూడా. కనిపించలేదు.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం మెట్ల మీద అడుగుల చప్పుడు వినబడింది. వాచీల బాబాయ్ అడుగు కాదు. తలెత్తి చూస్తే గది ముందు డెబ్బై దాటిన పెద్దాయన. ఇస్త్రీ చొక్కా, చేతిలో కాగితం సంచీ, ముఖాన చెమట.

"అమ్మా, మా ఆవిడ పైన బట్టలు చూస్తోంది. చాలాసేపయింది. కొంచెం పిలుస్తావా?" అన్నాడు. పేరు కూడా చెప్పాడు.

పైన బట్టల షాపు లేదు. బొమ్మల షాపూ లేదు. మెట్లెక్కి వస్తూ మూసిన షట్టర్లన్నీ ఆయన చూసే ఉండాలి. ఆయన ముఖంలో మాత్రం ఆ సంగతి తెలిసిన ఆనవాలే లేదు. ఆమె ఒక్క క్షణం ఆలోచించి, తన స్టూలు ఆయనకు జరిపి, నిలబడే మైకు అందుకుంది.

"మీ వారు... మొదటి అంతస్తులో... మైకు గదిలో... మీకోసం... ఎదురుచూస్తున్నారు" అంది, ఆవిడ పేరుతో మొదలుపెట్టి.

ఆ పేరు మూడంతస్తులూ తిరిగి వచ్చింది. పై మెట్ల కటకటాల దగ్గర వాచీల బాబాయ్ తల కనిపించింది, ఒక కంటికి భూతద్దం అలాగే ఉంది.

"ఎవర్ని పిలుస్తున్నావు తల్లీ?" అని అరిచాడు.

ఆమె ఊరుకోమన్నట్టు చెయ్యి ఊపింది.

"వస్తుందిలే" అన్నాడు పెద్దాయన తృప్తిగా. "ఒక పట్టాన ఏదీ నచ్చదు ఆవిడకు. షాపులో గుడ్డలన్నీ కిందేయించేదాకా వదలదు."

"ఇంటి నుంచి ఎలా వచ్చారు తాతగారూ?"

"బస్సులో. ప్లాజా అంటే దింపాడు."

బస్సువాళ్ళకు ఆ స్టాపు పేరు ఇంకా ప్లాజాయే. ఆమె చూపు ఆయన చేతిలోని సంచీ మీద పడింది. భర్త పనిచేసే బూట్ల షాపు సంచీయే అది, కాకపోతే కింద కొత్త అడ్రసు. "చూడొచ్చా?" అని అడిగి తీసి చూసింది. ఆడవాళ్ళ చెప్పుల జత, బిల్లు. బిల్లు మీద టైము గంటన్నర కిందటిది. ఫోన్ తీసుకుని మెట్ల పక్కకు నడిచింది.

"ఏమండీ, గంటన్నర కింద ఎవరైనా పెద్దాయన్ని తీసుకుని ఆడవాళ్ళ చెప్పులు కొన్నారా?"

"కొన్నారే! ఆయన కూతురు. చెప్పులు కొని, ఇంకేదో తేవడానికి ఆయన్ని మా బెంచీ మీద కూర్చోబెట్టి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి లేడు. గంట నుంచి ఆ అమ్మాయి పిచ్చిదానిలా తిరుగుతోంది. నీకెలా తెలుసు?"

"ఇక్కడే ఉన్నారు. నా స్టూలు మీద. మైకులో చెప్పించి ఆ అమ్మాయిని పిలిపించండి."

"ఇక్కడ మైకు లేదే."

"అంత పెద్ద మాల్‌లో మైకు లేకపోవడమేంటండీ?"

"పాటలూ ప్రకటనలూ అన్నీ వేరే ఊరి ఆఫీసు నుంచి వస్తాయి. మధ్యలో ఒక్క ముక్క చెప్పే వీలు ఇక్కడెవరికీ లేదు. ఉండు, నేనే చూస్తా."

ఆయన కౌంటరు వదిలేసి పోయాడు. కౌంటరు వదిలితే ఊరుకోరని తెలిసీ పోయాడు. యాభై రెండేళ్ళ మనిషి, నల్ల చొక్కాలో, నాలుగంతస్తులూ కాళ్ళకు పని చెప్పి, ఎవరు కనబడితే వాళ్ళని "నాన్నగారి కోసం వెతుకుతున్న అమ్మాయిని చూశారా?" అని అడుగుతూ తిరిగాడు. ఆఖరుకు ఆ అమ్మాయి కార్లు పెట్టే చోట, ఒక స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉంటే పట్టుకున్నాడు.

వాళ్ళు వచ్చేసరికి ముప్పావు గంట పట్టింది. ఆలోగా పెద్దాయన రెండుసార్లు మళ్ళీ పిలవమన్నాడు, ఆమె రెండుసార్లూ పిలిచింది. వాచీల బాబాయ్ కిందికి దిగి ఆయనకు టీ ఇచ్చాడు. "ఆవిడకు కూడా ఒక కప్పు ఉంచండి" అన్నాడు పెద్దాయన. బాబాయ్ ఒక కప్పు మూతపెట్టి పక్కన ఉంచాడు.

పెద్దాయన కూతురు మెట్లెక్కుతుండగా ఆఖరి పిలుపు ఆమె చెవిన పడింది. మెట్ల మీదే ఆగిపోయింది. పైకి వచ్చాక గుమ్మంలోనే నిలబడి మెల్లగా అంది: "అది మా అమ్మ పేరండీ. పోయి ఆరేళ్ళయింది."

"నాకు అనుమానం వచ్చిందమ్మా" అంది మైకమ్మ. "లేరని నేనెలా చెప్తాను? అందుకే పిలిచాను."

కూతురు రెండు చేతులతో ముఖం కప్పుకుంది. మైకమ్మ ఆమె భుజం మీద చెయ్యి వేసింది. అలా వెయ్యాలని తెలుసు కాబట్టి వేసింది. ఏడుస్తున్న భుజం తన చేతి కింద ఎగిరెగిరి పడుతుంటే, ఏదో గోడ అవతల ఎవరో మేకు కొడుతున్నట్టు ఉంది తప్ప తన లోపల ఏమీ కదల్లేదు. అది ఆమెకే వింతగా తోచింది.

"అమ్మ ఇంటికెళ్ళిపోయింది నాన్నా, పద" అని కూతురు ఆయన్ని లేవదీసింది. ఆయన కప్పు మూత తీసి చూసి, "చల్లారిపోయింది" అన్నాడు.

వెనకాలే స్కూటరు మీద వచ్చిన భర్త ప్లాజా గుమ్మంలో నిలబడి పైకి చూస్తున్నాడు. ఐదు నెలలయింది ఆయన ఆ చూరు కిందికి వచ్చి. తన పాత షాపు షట్టరు మీద ఎవరో సైకిళ్ళ బొమ్మలు గీసిపోయారు. ఆరోజు మైకమ్మ మూసే వేళ ప్రకటన రెండు గంటల ముందే చెప్పేసింది. తప్పుపట్టడానికి ఎవరున్నారు గనక. ఇద్దరూ కలిసి ఇంటికి వచ్చారు.

"మావాళ్ళు చీవాట్లు పెట్టారు" అన్నాడు దారిలో.

"పెడతారు మరి."

"పోన్లే."

"ఆఁ, పోన్లెండి."

పెద్దాయన కూతురు ఊరుకోలేదు. మాల్ వాళ్ళకు నాలుగు పేజీల ఉత్తరం రాసిందట. ఇంత కట్టడం కట్టి మనిషిని పిలిచే దిక్కు లేదా అని కడిగిపారేసిందట. పదిహేను రోజులకు మాల్ ఆఫీసు నుంచి మైకమ్మకు ఫోన్ వచ్చింది. మీ గొంతు మాకు కావాలి, ఫలానా రోజు పొద్దున రండి అన్నారు. భర్త ఆ సాయంత్రం ఇల్లంతా కలియదిరిగాడు. తల్లి చెవి దగ్గర నోరు పెట్టి, "ఇద్దరం ఒకే చోటికమ్మా, మళ్ళీ ఒకే స్కూటరు!" అని అరిచాడు.

"స్కూటరు చెడిపోయిందా?" అంది ఆవిడ.

మాల్ నాలుగో అంతస్తులో గోడలకు నల్లటి స్పాంజి అంటించిన గదిలో, చెవులకు పెద్ద డిప్పలు తగిలించుకున్న ఒక అమ్మాయి ఆమెను కూర్చోబెట్టి కాగితాలిచ్చింది. స్వాగతం, మూసే వేళ, కారు తియ్యమనడం, నేల తడిగా ఉందనడం. అవన్నీ వాక్యాలు. ఆఖరి రెండు పేజీలు మాత్రం విడి మాటలు. ఎరుపు, నీలం, పసుపు. చొక్కా, గౌను. వేసుకున్న. ఒకటి, రెండు, మూడు. ఏళ్ళ. బాబు, పాప, పెద్దాయన, పెద్దావిడ.

"వీటిని ఇలా విడివిడిగా ఎందుకమ్మా?" అంది.

"కావలసినప్పుడు కంప్యూటరు కలుపుకుంటుంది మేడమ్. కొంచెం నవ్వుతూ చెప్పండి."

"నవ్వితే మాట పలచబడుతుందమ్మా. దూరం పోదు."

"ఇక్కడ దూరం పోనక్కర్లేదు మేడమ్. ప్రతి పదడుగులకూ స్పీకరుంది."

నవ్వుతూ చెప్పింది. ఒంటిగంటకల్లా అయిపోయింది. ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. ఆమె సంచీ భుజాన వేసుకుని అడిగింది: "రేపు ఎన్నింటికి రమ్మంటారు?"

ఆ అమ్మాయి చెవి డిప్పలు తీసింది. "రేపా? అవసరం లేదు మేడమ్. చెప్పాల్సినవన్నీ చెప్పేశారుగా."

కింద బూట్ల షాపు ముందు భర్త గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. ఆమె అడ్డంగా తల ఊపింది. లోపల ఎవరో పిలిస్తే ఆయన వెళ్ళిపోయాడు. ఆమె బస్సెక్కి ప్లాజాకు వచ్చి మిగిలిన సగం రోజూ పనిచేసింది. అంటే కూర్చుంది.

ఏడాది చివర వాచీల బాబాయ్ లీజు అయిపోయింది. ఆయన గోడ గడియారాలన్నీ దించి, ఒక్కోదాన్నీ పాత తువ్వాలులో చుట్టి అట్టపెట్టెల్లో పెట్టుకున్నాడు. ఆమె ఒక చెయ్యి వేసింది. ఆ రోజు ఎనిమిదింటికి ఏం చెప్పాలా అని ఆమె ఏమీ ఆలోచించుకోలేదు, రోజూ చెప్పేదే చెబుదామనుకుంది. కానీ మిట్టమధ్యాహ్నమే కరెంటు వాళ్ళు వచ్చి ఫ్యూజులు పీక్కుపోయారు. యాంప్లిఫయరు ఎర్రదీపం ఆరిపోయింది. మైకు ముందు కూర్చుని చేసేదేముంది? డబ్బా కడుక్కుని, తాళం చెవి వాచ్‌మన్ చేతిలో పెట్టి, మూడింటి బస్సుకు ఇంటికి వెళ్ళిపోయింది.

ఇంట్లో ఎనిమిది నెలలు. పొద్దున లేచేది, పనులు చేసుకునేది, అత్తగారికి గోళ్ళు తీసేది. భర్త ఇంటికి రాగానే మాల్ కబుర్లు చెప్పేవాడు. "ఇవాళ ఎవడో నీలం కారు వాణ్ణి నువ్వు ఏడుసార్లు పిలిచావు" అనేవాడు. "మూసే వేళయిందని నువ్వు చెప్పగానే మావాళ్ళు లేచి లైట్లు తీసేస్తారు. నేను మాత్రం అయ్యేదాకా విని లేస్తా" అన్నాడొకసారి. రెండో రోజూ అదే మాట అంటే, "అది నేను కాదండీ" అంది. మళ్ళీ ఆయన ఆ మాట ఎత్తలేదు.

ఒకసారి ఆయన కళ్ళజోడు మర్చిపోతే ఇవ్వడానికి వెళ్ళింది. ఇచ్చి తిరిగి వస్తుంటే తల మీద తన గొంతు వినబడింది. "నీలం. చొక్కా. వేసుకున్న. మూడు. ఏళ్ళ. బాబు." ఆమె ఆగింది. మూడు ఏళ్ళ. జన్మలో ఎప్పుడూ తాను అలా అని ఎరగదు. మూడేళ్ళ అనే అంది, ఇరవైనాలుగేళ్ళూ. ప్రతి మాటకూ మధ్య ఖాళీ అంతా ఒకటే, స్కేలు పెట్టి కొలిచినట్టు. పక్కనే సంచులు మోసుకుపోతున్న ఒకావిడ ఆమెను చూసి, "బయటికి దారెటండీ?" అని అడిగింది. ఆమె చెప్పింది. ఆవిడ థాంక్సని వెళ్ళిపోయింది. పైనున్న గొంతుదీ కిందున్న మనిషిదీ ఒకటేనని ఆవిడకేం తెలుస్తుంది? కాసేపు నిలబడి మైకమ్మ కూడా అదే దారిన బయటికి నడిచింది.

ఆ తర్వాత వాచీల బాబాయ్ నుంచి కబురు వచ్చింది. జీవితమంతా భూతద్దం పెట్టి చూసిన కంటికే శుక్లం ముదిరింది, ఆసుపత్రికి తోడు రావాలి. ఆయనకు ఎవరూ లేరు. ఆమె తీసుకువెళ్ళింది. చిన్న కళ్ళ ఆసుపత్రి, సన్నటి వరండా, రెండు బెంచీలు. అందరి కళ్ళల్లోనూ చుక్కలు వేసి కళ్ళు మూసుకోమన్నారు. నర్సు తలుపు సందులోంచి ఒక పేరు అరిచి లోపలికి పోయేది. కళ్ళు మూసుకున్నవాళ్ళు లేచి, ఎటు వెళ్ళాలో తెలియక గోడ తడుముకునేవారు. ఒకాయన బెంచీ తన్నుకుని పడబోయాడు. మైకమ్మ లేచి పట్టుకుంది. తర్వాత పేరు పిలిచినప్పుడూ లేచింది, ఆ తర్వాతా లేచింది. అలా తొమ్మిదిమందిని తలుపుదాకా నడిపించాక డాక్టరమ్మ బయటికి వచ్చి అడిగింది.

"మీరెవరండీ?"

"నేను ఈయనతో వచ్చానండీ."

"ఇంతకుముందు ఎక్కడ పనిచేసేవారు?"

"ప్లాజాలోనండీ."

ఎందులోనని డాక్టరమ్మ అడగలేదు. రేపటి నుంచి రాగలరా అని మాత్రం అడిగింది.

ఇప్పుడు ఆ వరండాలో ఆమెకు మూడో ఏడు. పొద్దున తొమ్మిదికి వెళ్ళి రెండింటికి వస్తుంది. స్కూటరు ఇంకా ఎడమకే తిరుగుతుంది, ఆమె నడిచే వెళ్తుంది. అక్కడ ఆమెను మైకమ్మ అని ఎవరూ పిలవరు. గొంతు పెంచే పనే లేదు. దగ్గరికి వెళ్ళి, వంగి, చెవి పక్కన పేరు చెప్పి, మోచెయ్యి పట్టుకుని లేపుతుంది. బాగుందా అని కూతురు ఆదివారం అడుగుతుంది. బాగానే ఉందే అంటుంది. అంతకన్నా ఎక్కువా కాదు, తక్కువా కాదు.

మొన్న ఒక ముసలాయన, రెండు కళ్ళూ మూసుకుని, ఆమె చెయ్యి పట్టుకుని నడుస్తూ అన్నాడు: "మీ చెయ్యి బాగా చల్లగా ఉందమ్మా."

"ఫ్యాను కింద కూర్చుంటానండీ, అందుకని" అంది. "ఇదిగో గడప. కాలెత్తండి."